తాపీ తీరాన నీడ వెదికే నగరం

ఆశ్వయుజ పౌర్ణమి గడచిన మరునాటి రాత్రి సూరత్ నగరం ఇల్లు విడిచి బయటికి వస్తుంది. వజ్రాల వర్తకుని కుటుంబం మొదలుకొని కుట్టుమిషను మీద బ్రతికే దర్జీ కుటుంబం వరకు, జంపఖానా ఒకటి చంకన పెట్టుకొని, డబ్బాలలో ఘారీ, భూసూ సర్దుకొని, ఆరుబయట చోటు వెదుక్కుంటూ బయలుదేరుతారు. ఘారీ అంటే కోవా, బాదం, పిస్తా దట్టించి నేతిలో వేయించి, పైన మళ్ళీ నేతిపూత పట్టించిన మిఠాయి. భూసూ దానికి తోడుగా నంజుకొనే కారపు మిశ్రమం. కొందరు డాబాల మీదికి చేరుతారు. కొందరు డూమస్ సముద్రతీరానికి పోతారు. మిగిలినవారు డూమస్ రోడ్డు పక్కన కాలిబాట మీదనే జంపఖానా పరచుకొని, వెన్నెలలో కాళ్ళు చాపుకొని భోంచేస్తారు. ఎదురుగా మోటారు వాహనాలు బారులు తీరి పోతూ ఉంటాయి. వాటిని ఎవరూ లెక్కచేయరు. ఈ వేడుకకు ‘చాందీ పడవో’ అని పేరు.

కార్తికమాసంలో ఉసిరిచెట్టు క్రింద వనభోజనాలు చేసే తెలుగువారికి ఈ దృశ్యం కొత్తగా తోచదు. అయితే ఒక తేడా ఉన్నది. మన వనభోజనంలో వనం ముఖ్యం. చెట్టు లేకపోతే ఆ భోజనానికి ఆ పేరే చెల్లదు. సూరత్ వేడుకకు వెన్నెల కావాలి, గాలి కావాలి, తిండి సరేసరి. చెట్టు ఉంటే మంచిదే, లేకపోయినా వేడుక ఆగదు. ఆరుబయటి మీద ఇంత మక్కువ గల నగరం దేశంలో మరొకటి ఉన్నదో లేదో గాని, ఆ మక్కువలో చెట్టుకు దక్కిన వాటా ఎంత అన్నది మాత్రం విచారించదగిన విషయం.

‘సూరత్‌లో భోజనం, కాశీలో మరణం’ కోరుకోవాలని గుజరాతీలలో సామెత. సూరత్‌వాసికి ప్రకృతితో గల చుట్టరికం చాలావరకు నాలుక మీదుగానే సాగుతుంది. డూమస్ తీరంలో ఇసుక నల్లగా ఉంటుంది. అయినా అక్కడికి వెళ్ళివచ్చినవారు ముందుగా చెప్పేది ఇసుక సంగతి కాదు, వేడివేడి టమాటా భజియాల సంగతి. శీతకాలం వస్తే పోంక్ ఋతువు వచ్చినట్టే. పాలు పట్టిన జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి, దులిపి తీసిన లేతగింజలే పోంక్. తెలుగునాట ఊచబియ్యం అంటే ఎరుగనివారుండరు, అదే ఇది. దీనిలో సేవు కలిపి, నిమ్మకాయ పిండి, తాపీ నది కావలి ఒడ్డున బారులు తీరిన అంగళ్ళ వద్ద నగరమంతా నిలబడి తింటుంది. ఒకప్పుడు అది చేలగట్టు మీద కూర్చుండి తినే తిండి. చేను దూరమైపోయింది, తిండి మాత్రం రోడ్డు పక్కకు వచ్చి నిలిచింది.

చేను ఎందుకు దూరమైనదో జనాభా లెక్కలే చెబుతాయి. 1961లో సూరత్ నగర జనాభా సుమారు 2 లక్షల 88 వేలు. 2011 నాటికి అది 44 లక్షల 67 వేలు దాటింది. యాభై ఏళ్ళలో పదిహేను రెట్లు! పట్టు, జరీ పనులకు పూర్వమే పేరుబడిన ఊరికి పవర్‌లూమ్‌లు వచ్చాయి. వజ్రాలకు సానబట్టే కార్ఖానాలు వచ్చాయి. వాటి వెంట సౌరాష్ట్ర, ఒరిస్సా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్ర, తెలంగాణ ప్రాంతాల నుండి మనుషులు వచ్చారు. జొన్నచేలు కాలనీలైనాయి. మామిడితోటల పేర్లు వీధులకు మిగిలాయి.

అయినా పాత నగరంలో కొన్ని గుర్తులు చెక్కుచెదరక నిలిచే ఉన్నాయి. 1546లో పూర్తయిన కోటకు సమీపాన గాంధీబాగ్ ఉన్నది. పదహారవ శతాబ్ది ఆరంభంలో మాలిక్ గోపి అనే ధనికుడు త్రవ్వించిన గోపీ తలావ్ ఎండిపోయి, శతాబ్దాల పాటు పేరుకు మాత్రమే చెరువుగా ఉండి, ఇటీవల నగరపాలక సంస్థ చేతిలో మళ్ళీ నీటితో, ఉద్యానంతో కళకళలాడుతున్నది. ప్రవేశానికి టికెట్టు కొనాలి. వీటన్నిటి కంటె చిత్రమైనది అశ్వినీకుమార్ శ్మశానఘట్టం సమీపాన ఉన్న మూడాకుల మర్రి. కుమారిభూమిలో తన దహనం జరగాలని కర్ణుడు మరణవేళ కోరగా, శ్రీకృష్ణుడు లోకమంతా వెదికి, తాపీ ఒడ్డున సూదిమొన మోపినంత చోటు కనుగొని అక్కడ దహనం చేయించాడనీ, అందుకు గుర్తుగా ఈ మర్రి మొలిచిందనీ స్థలపురాణం. మూడు ఆకులతోనే నిలిచి ఉన్న ఆ చెట్టుకు త్రిమూర్తుల పేరు చెప్పి మ్రొక్కుతారు. జ్యేష్ఠ పౌర్ణమి నాడు గుజరాతీ స్త్రీలు మర్రిచెట్టుకు నూలుదారం చుట్టి వటసావిత్రీ వ్రతం చేసుకొంటారు. రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చిన ఇంజనీరు సైతం దారం చుట్టిన మర్రి ఎదుట కాసేపు ఆలోచిస్తాడు. గుల్‌మొహర్‌కు ఆ భాగ్యం లేదు. దానికి పురాణం లేదు మరి!

ఇక నది సంగతి. సూరత్‌కు తాపీయే మొదటి ఉద్యానం. అఠ్వాలైన్స్ వద్ద నది ఒడ్డున ఉన్న చౌపాటీలో సాయంకాలం పిల్లల కేకలు, వృద్ధుల కాలక్షేపం, మిఠాయిబండ్ల సందడి నేటికీ చూడవచ్చు. సింగణపోర్ వద్ద 1995లో కట్టిన ఆనకట్ట మంచినీటిని పైభాగంలో నిలిపి, సముద్రపు పోటును క్రింది భాగంలోనే ఆపుతున్నది. చలికాలంలో ఉత్తరాది దేశాల నుండి సముద్రకాకులు ఈ నీటి మీదికి గుంపులుగా దిగుతాయి. వాటిని చూడడానికి కుటుంబాలు వస్తాయి. అతిథికి తిండి పెట్టకుండా పంపడం సూరత్ ఆచారం కాదు. కనుక ఆ పక్షులకు కూడ గాంఠియా విసురుతారు. శనగపిండి, నూనె, ఉప్పు కలిసిన ఆ తిండి చేపలు తినే పక్షులకు మంచిది కాదని పక్షిప్రేమికులు మొత్తుకుంటూనే ఉన్నారు. ప్రేమ లేక కాదు, ప్రేమను చూపడానికి నగరానికి తెలిసిన మార్గం ఒక్కటే.

అదే నది 2006 ఆగస్టులో నగరాన్ని ముంచింది. ఎగువన 1972లో పూర్తయిన ఉకాయీ ఆనకట్ట నుండి విడిచిన నీరు నగరంలో అధికభాగాన్ని రోజుల తరబడి ముంచెత్తింది. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1994లో, ప్లేగు భయంతో లక్షలాది జనం నగరాన్ని విడిచి పారిపోయారు. ఆ అవమానం తర్వాత, 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో వీధులు ఊడ్చి శుభ్రపరచే పద్ధతి స్థిరపడింది. కాలిబాట మీద జంపఖానా పరచుకొని నిర్భయంగా భోంచేసే భాగ్యం సూరత్‌కు దక్కడంలో ఆ చీపురు పాత్ర తక్కువది కాదు. వరద అనంతరం నదికీ, జనానికీ మధ్య గోడలు, కరకట్టలు పెరిగాయి. వాటి అవసరాన్ని ఎవరూ కాదనరు. కాని గోడ కట్టిన చోట నీటి అంచున కూర్చునే అలవాటు క్రమంగా తప్పిపోతుంది.

నగరపాలక సంస్థ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. సర్థాణాలో 1984లో స్థాపించిన జంతుప్రదర్శనశాల నీటికుక్కల సంతానోత్పత్తికి పేరు తెచ్చుకొన్నది. పేట పేటకు చిన్నవో పెద్దవో ఉద్యానాలు వెలిశాయి. వీటి వినియోగాన్ని ఉదయం ఆరు గంటల వేళ చూడాలి. చక్కెర వ్యాధిగ్రస్తులు గడియారం చూసుకొంటూ చుట్లు కొడతారు. నవ్వుల సంఘంవారు చేతులెత్తి నవ్వుతారు. సాయంత్రం పిల్లలదీ, ప్రేమికులదీ. మధ్యాహ్నం మాత్రం ఎవరిదీ కాదు. మన దేశంలో మునిసిపల్ ఉద్యానాలు చాలావాటికి ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే తెరచే నియమం ఉన్నది. ఎండ నడినెత్తిన మండుతూ, చెట్టునీడ అత్యవసరమయ్యే వేళకే ద్వారానికి తాళం పడుతుంది. పచ్చిక పాడవుతుందనో, సోమరులు చేరుతారనో కారణం చెబుతారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన కార్మికుడు నీడలో నిద్రపోతే అతడు సోమరి ఎట్లా అవుతాడో ఆ నియమం వ్రాసినవారే చెప్పాలి.

చెట్టును చూడడం వల్ల మనిషికి ఒనగూడే మేలు కవుల ఊహ కాదని వైద్యులు కూడ ఇప్పుడు ఒప్పుకొంటున్నారు. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగిన 46 మంది రోగుల వివరాలను పరిశీలించి, 1984లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించాడు. వారిలో సగం మంది గది కిటికీ నుండి చెట్లు కనిపించేవి. మిగిలిన సగం మందికి ఇటుకగోడ కనిపించేది. చెట్లను చూసినవారు త్వరగా ఇళ్ళకు చేరారు; గట్టి నొప్పిమందులు కూడ వారికి తక్కువగానే కావలసివచ్చాయి. అంతకు రెండేళ్ళ ముందే, 1982లో, జపాన్ అటవీశాఖ ‘వనస్నానం’ అనే అర్థం వచ్చే మాటను ప్రచారంలోకి తెచ్చి, నగరవాసులను అడవిలో ఊరక నడచిరమ్మని ప్రోత్సహించింది.

సూరత్‌లో ఇటుకగోడ ఎవరి కిటికీకి ఎదురుగా ఉన్నదో చూద్దాం. పడమటి దిక్కున, డూమస్ రోడ్డు వైపున, చెట్లు బారులు తీరి ఉన్నాయి. ఆ వైపునే గవియర్ చెరువును స్థానిక నేచర్ క్లబ్ సభ్యులు శ్రద్ధగా సంరక్షించి పక్షులకు నెలవు చేశారు. తూర్పు, దక్షిణ దిక్కుల పోతే లింబాయత్, ఉధ్నా, పాండేసరా వస్తాయి. అక్కడ పవర్‌లూమ్‌లు రాత్రింబవళ్ళు మ్రోగుతుంటాయి. పన్నెండు గంటల షిఫ్టు. ఒరిస్సాలోని గంజాం నుండి ఒంటరిగా వచ్చిన కార్మికులు ఉండే మెస్సు గదులలో ఒకే పరుపును పగటి షిఫ్టువాడొకడు, రాత్రి షిఫ్టువాడొకడు పంచుకొంటారు. వారికి కిటికీ ఉండడమే గొప్ప. షిఫ్టు విడిచాక టీకొట్టు పక్కన వేపచెట్టు ఒకటి ఉంటే, దాని క్రింద పది మంది చేరతారు. ఆ వేపచెట్టు ఏ పటంలోనూ ఉద్యానంగా నమోదు కాదు. నగరంలో ఎక్కువగా ఉపయోగపడే పచ్చదనం మాత్రం అదే.

ఈ పేటలలోనే వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. వరంగల్లు, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుండి మగ్గం పని చేతబట్టుకొని వచ్చిన పద్మశాలీలు, వారి సంతతి. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడ ఉన్నదంటే వారి సంఖ్యను ఊహించవచ్చు. ఆశ్వయుజం వచ్చిందంటే గుజరాతీ గర్బాతో పాటు ఇక్కడ బతుకమ్మ ఆట కూడ సాగుతుంది. బతుకమ్మకు బంతి, చామంతి బజారులో కొనవచ్చు. తంగేడు, గునుగు అట్లా కాదు. అవి నర్సరీలో పెంచే పూలు కావు. పడావుభూమిలో, చేలగట్టున, ఎవరికీ అక్కరలేని చోట తమంత తామే పూచేవి. ఊరికి ఎవరిదీ కాని నేల కొంత ఉన్నంత కాలమే ఆ పూలు. నగరంలో ప్రతి అంగుళానికీ యజమాని, ధర ఏర్పడిన తర్వాత తంగేడుకు చోటు లేదు. ఉద్యానాలు ఎన్ని పెట్టినా ఆ లోటు తీరదు, ఉద్యానంలో పూవు కోయడం నేరం కదా!

అటువంటి అక్కరలేని నేలగా సూరత్‌లో మిగిలినవి ఖాడీలు. నగరం గుండా పోయి తాపీకో, మిండోళా నదికో చేరే వాగులను ఇక్కడ ఖాడీలంటారు. రంగులద్దకం మిల్లుల మురుగు చాలాకాలం వీటిలోకే చేరింది. వానాకాలంలో ఇవి పొంగి లింబాయత్ వంటి పేటలలోకి నీరు రావడం పరిపాటి. జనం ముక్కు మూసుకొని దాటిపోయే ఈ వాగులలో ఒకటైన కాంకరా ఖాడీ గట్టున, డాక్టర్ హెడ్గేవార్ వంతెన నుండి భీమ్రాడ్–బమ్రోలీ వంతెన వరకు, 87 హెక్టార్లకు పైబడిన స్థలంలో జీవవైవిధ్య ఉద్యానాన్ని నగరపాలక సంస్థ చేపట్టింది. 2022 సెప్టెంబరులో ప్రధానమంత్రి సూరత్ వచ్చిన సందర్భంలో ప్రకటించిన పథకాలలో ఇది ఒకటి. పార్కు అనగానే పచ్చిక, ఫౌంటెను, రంగుదీపాలు తలచుకొనే నగరం, తాను విసర్జించిన వాగును వెనుకకు తిరిగి చూడడం విశేషమే. అయితే ఆ చెట్లు పెరిగాక అక్కడికి ఎవరు రాగలరు, ఏ వేళలో రాగలరు అన్నదాని మీద దాని ప్రయోజనం ఆధారపడి ఉంటుంది.

సూరత్‌వాసిని ‘అడవి ఎక్కడ?’ అని అడిగితే నగరంలో దేనినీ చూపడు. తూర్పున డాంగ్ వైపు చేయి చూపుతాడు. నూట యాభై కిలోమీటర్ల లోపుననే సహ్యాద్రి చరియలలో 1,764 చదరపు కిలోమీటర్ల డాంగ్ జిల్లా ఉన్నది. అది గుజరాత్‌లో దట్టమైన అడవులకు పుట్టినిల్లు. టేకు, వెదురు, మద్ది, ఇప్ప విరివిగా పెరిగే నేల. జనాభా 2011లో రెండు లక్షల ఇరవై ఎనిమిది వేలు. నూటికి తొంభై మందికి పైగా ఆదివాసులు. భిల్లులు, కోకణాలు, వార్లీలు, వెదురుపని చేసే కోట్వాళియాలు. ఇదే దండకారణ్యమనీ, శబరి శ్రీరామునికి రేగుపళ్ళు తినిపించింది ఇక్కడేననీ వారి విశ్వాసం.

డాంగ్ అడవికీ, పడమటి తీరపు రేవులకూ చుట్టరికం పాతది. ఓడలకు టేకు కావాలి. బొంబాయి నౌకానిర్మాణకేంద్రానికి ఆద్యుడైన లవ్జీ నస్సర్వాంజీ వాడియా సూరత్ నుండి వెళ్ళిన వడ్రంగియే. 1736లో ఈస్టిండియా కంపెనీ ఆయనను అక్కడికి పిలిపించుకొన్నది. మలబారు టేకుతో పాటు ఇతర అడవుల మీద కూడ కంపెనీ కన్నుపడింది. 1842లో డాంగ్‌లోని భిల్లు రాజుల నుండి అడవిని కౌలుకు తీసుకొన్నారు. నేటికీ ఏటా హోలీకి ముందు ఆహ్వా పట్టణంలో జరిగే డాంగ్ దర్బారులో ఆ రాజుల వారసులకు ప్రభుత్వం సగౌరవంగా పింఛను చెల్లిస్తుంది. బరోడా గాయక్వాడ్ ప్రభువులు 1913లో బిలీమోరా నుండి వఘాయి వరకు 63 కిలోమీటర్ల చిన్న రైలుమార్గం వేయించారు. అడవిలోని కలప మైదానానికి దిగడానికి అది దారి. ఇప్పుడదే మార్గం వినోదయాత్రికులను పైకి తీసుకొనిపోతున్నది.

ఆ వినోదయాత్రికులలో సూరత్‌వాసులు మెండు. మొదటి వానలు పడి గీరా జలపాతం ఎర్రనీటితో ఉరకడం మొదలైతే, ఆదివారం నాడు వఘాయి దారి అంతా సూరత్ కార్లే. కొందరు సాపుతారా కొండ ఎక్కుతారు. కొందరు పూర్ణా నది ఒడ్డున మహాల్‌లోనో, అంబికా తీరాన పదమ్‌డుంగరీలోనో, మాండ్వీ అడవులలోని కేవడీలోనో అటవీశాఖవారి విడుదులలో ఒక రాత్రి గడుపుతారు. ఈ విడుదులను గ్రామస్థుల సహకారంతోనే నడుపుతున్నారు. ఆదివాసీ స్త్రీలు చేసిపెట్టే చోడిరొట్టెను నగరవాసి లొట్టలు వేసుకొంటూ తింటాడు. ఇంకొంచెం ఓపిక గలవారు 1979లో ఏర్పడిన వాంస్దా జాతీయ ఉద్యానానికి పోతారు. అది 24 చదరపు కిలోమీటర్లకు కూడ కొంచెం తక్కువైన చిన్న అడవి; కాని అక్కడి వెదురుపొదల క్రింద నడిపగలే మునిమాపు లాగ ఉంటుంది. సెలవు రోజులలో ఇంటివద్ద నుండి తెచ్చుకొన్న తినుబండారాల సంచులు కొన్ని జలపాతం పక్కనే మిగిలిపోతాయి. అడవి అంటే నగరవాసికి ఆదివారం. సోమవారం నాడు అది ఏమి చేస్తుందో అతడికి తెలియదు.

సోమవారం నాడు ఆ అడవిలోని మనిషి సూరత్ వైపు దిగుతాడు. డాంగ్ కొండల వ్యవసాయం వాన మీదనే ఆధారపడినది. ఏటవాలు నేలలో చోళ్ళు, మినుము, కొద్దిగా వరి. దీపావళి నాటికి పంట ఇంటికి చేరుతుంది. ఆ తర్వాత గింజ మొలిపించే నీరుండదు. అప్పుడు ముకద్దము ఇచ్చిన బయానా డబ్బు తీసుకొని, భార్యాభర్తలు కోయ్తా చేతబట్టుకొని లారీ ఎక్కుతారు. కోయ్తా అంటే చెరకు నరికే కత్తి. ఆ కత్తితో పనిచేసే జంటను కూడ లెక్కలో ‘ఒక కోయ్తా’ అనే వ్రాస్తారు. బార్డోలీ మొదలైన చక్కెర కర్మాగారాల చుట్టూ, సూరత్ జిల్లా చెరకుతోటల అంచున, రోడ్డు పక్కన, మోకాలెత్తు గుడిసెలు వేసుకొని ఏప్రిల్, మే నెలల వరకు ఉంటారు. వారి పిల్లలూ అక్కడే ఉంటారు. సూరత్ నుండి డాంగ్ పోయే కారు ఆ గుడిసెల పక్కనుండే పోతుంది. ఆ జనాన్ని చూసి ‘వీరు ఆ అందమైన అడవివారే’ అని గుర్తించేవారు అరుదు. జలపాతం వద్ద వెదురుబుట్ట అమ్మే స్త్రీ వేరు, చెరకుమోపు నెత్తినెత్తుకొన్న స్త్రీ వేరు అన్నట్టుగా నగరం చూపు సాగుతుంది. చాలాసార్లు వారిద్దరిదీ ఒకే ఊరు.

అడవిని నగరవాసి చూసే చూపుకూ, ఆదివాసి చూసే చూపుకూ మధ్య ఉన్న దూరం ఇంకొక చోట కూడ బయటపడుతుంది. చోడినారు పోయడానికి ముందు డాంగ్ రైతు నారుమడి మీద ఎండుకొమ్మలు, ఆకులు పరచి కాలుస్తాడు. కలుపు చస్తుంది, బూడిద ఎరువవుతుంది. దీని కోసం చెట్ల కొమ్మలు నరకడం మీద అటవీశాఖకూ రైతులకూ బ్రిటిషువారి కాలం నుండి తగవులే. కొండమీద పొగ చూసిన యాత్రికుడు ‘అడవిని తగలబెడుతున్నారు’ అని నొచ్చుకొంటాడు. సాయంత్రం విడిదిలో అతని విస్తరిలోకి వచ్చే రొట్టె ఆ బూడిదలో మొలిచినదే. కొమ్మ నరకడం వల్ల చెట్టుకు హాని లేదని కాదు. ఓడలకు మ్రానుల్ని మొదలంటా కొట్టుకొనిపోయినవారు కొమ్మ నరికేవాడిని అడవికి శత్రువుగా వ్రాసిపెట్టడం మాత్రం చరిత్రలోని వింత.

మే నెల చివరకు కర్మాగారాలు ఆగిపోతాయి. బయానా బాకీ తీరినవారు, తీరనివారు లారీలలో కొండ ఎక్కుతారు. ఇంటి కప్పు సరిచేసుకోవాలి, నారుమడి కాల్చుకోవాలి. జూన్ రెండవ పక్షంలో మేఘాలు దిగుతాయి. సూరత్ కార్లు గీరా చేరే ఆదివారం నాటికి చోడినారు జానెడు ఎత్తు లేచి ఉంటుంది. కోయ్తా కడిగి చూరులో దోపి ఉంటుంది. ఆమె జలపాతం దారిలో మొక్కజొన్న కంకులు కాలుస్తూ కూర్చుని ఉంటుంది.